బరంపురంలో మినీ థియేటర్ అద్దెకు తీసుకుని ఒకే నిర్మాత సినిమాలు చూశాం: ఎలా ఉందంటే

ముందే చెబుతున్నా, ఇది పుట్టినరోజు సర్‌ప్రైజ్ రివ్యూ కాదు. మా ఒడిశా బరంపురంలో ఈమధ్య వచ్చిన ప్రైవేట్ మినీ థియేటర్ల గురించి ఎక్కడ వెతికినా గులాబీ రేకులు, బెలూన్లు, పొగ మిషను, కేకు మీద పేరు, ఇవే కనిపిస్తాయి. అక్కడ అసలు సినిమా చూడొచ్చా, సౌండు ఎలా ఉంటుంది, సబ్‌టైటిల్స్ చదవగలమా అని ఒక్కరూ రాయలేదు. మేం వెళ్లింది సినిమాలకే. అదీ ఫలానా హీరోవో డైరెక్టరువో కాదు, ఒక నిర్మాతవి, పేరు షిమ్ జే మ్యుంగ్, ఆవిడది కొరియా. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, మా ఇంట్లోనూ నవ్వారు.

థియేటర్ పేరు రాయను. కింద తిట్లూ ఉన్నాయి, పొగడ్తలూ ఉన్నాయి, పైగా నడిపే కుర్రాళ్లు మంచివాళ్లు, పేరు పెట్టి వాళ్ల పొట్ట కొట్టడం దేనికి. ఇలాంటివన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి కాబట్టి ఎక్కడికెళ్లినా నేను చెప్పేది మీకు పనికొస్తుంది. మేం వెళ్లింది గాంధీనగర్ వైపు, ఒక బట్టల షాపు పైన రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, మా అత్తయ్య మెట్లెక్కుతూ కొరియావాళ్లందరినీ కలిపి తిట్టింది.

రేటు: మూడు గంటల స్లాటుకి ఆరుగురి దాకా 1500, ఆ పైన మనిషికి 200. డెకరేషన్ వద్దంటే తగ్గిస్తారేమో అని అడిగాను, తగ్గించరు. "మేడం, డెకరేషన్ లేకపోతే మరి ఎందుకొస్తున్నారు?" అని ఆ అబ్బాయి నిజంగానే ఆశ్చర్యపోయాడు. సినిమా మీరే తెచ్చుకోవాలి, అంటే మీ ఓటీటీ లాగిన్ వాళ్ల బాక్సులో కొట్టాలి, లేదా లాప్‌టాప్ పెట్టుకోవాలి. వచ్చేటప్పుడు లాగౌట్ చేయడం మర్చిపోకండి, మాకు ముందు వచ్చినవాళ్ల అకౌంటు అలాగే తెరిచి ఉంది, వాళ్లు సగం చూసి వదిలేసిన సీరియళ్లన్నీ మాకు తెలిసిపోయాయి. మేమైతే తమ్ముడు విదేశం నుంచి తెచ్చిన డిస్కులు, వాటి ప్లేయరు, కేబులు, అన్నీ సంచీలో వేసుకుని వెళ్లాం.

ఇంతకీ ఈ గోల ఎలా మొదలైందంటే, మా మేనకోడలు డిగ్రీ చదువుతోంది, ఎక్సో అనే కొరియా పాప్ బ్యాండు అంటే ప్రాణం, అందులో డి.ఓ. అనే కుర్రాడంటే మరీనూ. అతను నటించిన సినిమాలు వెతుకుతూ 'కార్ట్' దగ్గర ఆగింది. పాటలుండవు, డాన్సులుండవు, సూపర్ మార్కెట్లో కాంట్రాక్టు మీద పనిచేసే ఆడవాళ్లు సమ్మె చేసిన కథ. ఆ తర్వాత ఇంకో పాప్ స్టార్ సుజీ కోసం 'ఆర్కిటెక్చర్ 101' చూసింది. రెండింటి మొదట్లోనూ ఒకటే కంపెనీ పేరు, మ్యుంగ్ ఫిల్మ్స్. ఇక తీగ లాగితే 'జాయింట్ సెక్యూరిటీ ఏరియా' కూడా వాళ్లదే అని, నిర్మాత ఒకావిడ అని తేలింది. "అత్తా, ఎవరీవిడ?" అని నన్నడిగింది, నేను తమ్ముణ్ణి అడిగాను, అక్కడి నుంచి ఇంటిల్లిపాదికీ అంటుకుంది.

ఆవిడ పేరు షిమ్ జే మ్యుంగ్. పుట్టింది 1963లో. సినిమా చదువు కాదు, కొరియా సాహిత్యం చదువుకుంది. పరిశ్రమలోకి వచ్చింది పబ్లిసిటీ విభాగంలోంచి, అంటే పోస్టర్ల మీద ఏ లైను రాయాలి, ఏ బొమ్మ వెయ్యాలి, జనం ఎందుకు టికెట్ కొనాలి అని ఆలోచించే పని. తర్వాత సొంతంగా పబ్లిసిటీ ఆఫీసు పెట్టుకుని, 1995లో భర్త లీ ఉన్‌తో కలిసి మ్యుంగ్ ఫిల్మ్స్ మొదలుపెట్టింది. ఆయన సంగతి వేరే. విద్యార్థుల, కార్మికుల ఉద్యమాల్లోంచి వచ్చిన సినిమా బృందంలో మనిషి. వాళ్లు 1990లో ఫ్యాక్టరీ సమ్మె మీద తీసిన సినిమాను ప్రభుత్వం అడ్డుకుంటే యూనివర్సిటీల్లో దొంగచాటుగా ఆడించారు, పోలీసులు వచ్చి పడ్డారు. ఒకరికి టికెట్లు ఎలా తెగుతాయో తెలుసు, ఇంకొకరికి దేనికోసం గొడవ పడాలో తెలుసు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో వాళ్లు తీసినవి చూస్తే ఈ రెండు గుణాలూ ఒకే సినిమాలో కలిసినప్పుడల్లా మంచి సినిమా వచ్చింది, విడివిడిగా ఉన్నప్పుడు ఒక మోస్తరుగా వచ్చింది. ఇది నా అభిప్రాయం, మేనకోడలు ఒప్పుకోదు.

మనకి నిర్మాత అంటే ప్రీ రిలీజ్ ఫంక్షన్‌లో శాలువా కప్పించుకుని "హీరోగారు నన్ను నమ్మి డేట్లిచ్చారు" అని చెప్పే పెద్దమనిషి. డబ్బు పెట్టాడా, పెట్టాడు, అంతవరకే. ఇది బాబాయితో అంటే ఆయన ఒప్పుకోలేదు. "ఏటమ్మా అలా తీసి పారేస్తావు, శంకరాభరణం ఎవరు తీశారు? సాగర సంగమం, స్వాతిముత్యం ఎవరివి? ఏడిద నాగేశ్వరరావు గారు కాదూ?" అన్నాడు. నిజమే. పెద్ద హీరో లేకుండా, ముసలాయన్ని నాయకుడిగా పెట్టి, శాస్త్రీయ సంగీతం మీద ఆ రోజుల్లో సినిమా తీయడానికి ఒప్పుకున్న నిర్మాత లేకపోతే విశ్వనాథ్ గారు ఎంత గొప్పవారైనా ఆ కథ కాగితం మీదే ఉండిపోయేది. షిమ్‌గారిని అర్థం చేసుకోవడానికి నాకైతే ఈ పోలిక బాగా పనికొచ్చింది.

మేం మొదట వేసింది 'జాయింట్ సెక్యూరిటీ ఏరియా'. ఇక్కడే థియేటర్ అసలు రంగు బయటపడింది.

లోపలికి వెళ్లగానే బాగానే ఉంటుంది. మెత్తటి సోఫాలు, ముందు వరసలో కాళ్లు చాపుకునే రిక్లైనర్లు, గోడ నిండా తెర. ఏసీ మాత్రం ఫ్రీజర్‌లా పనిచేస్తుంది, దుప్పట్లు అడిగితే ఇస్తారు. గదికి ఒక వాసన ఉంది, పొగ మిషను వాసన, కేకు క్రీము వాసన, రూమ్ ఫ్రెషనర్, మూడూ కలిసి. కాసేపటికి అలవాటైపోతుంది. డిస్కు పెట్టాక ప్లేయరు సిగ్నలు అందుకోవడానికి పదిహేను నిమిషాలు పట్టింది, అది మన స్లాటులోంచే పోతుంది, గమనించండి. బొమ్మ వచ్చింది, అద్భుతంగా వచ్చింది, కానీ సబ్‌టైటిల్ రెండు లైన్లుంటే కింది లైను సగానికి తెగిపోతోంది. ఆ అబ్బాయిని పిలిచాం. "భాయినా, అది సినిమాలోనే అలా ఉంది" అన్నాడు తమ్ముడితో. సినిమాలో అలా లేదని, ప్రొజెక్టరు బొమ్మను జూమ్ చేసి తెరకు అంచుల దాకా సాగదీస్తోందని తమ్ముడు రిమోటు తీసుకుని చూపించాడు. మెనూలో ఆస్పెక్ట్ అని ఉంటుంది, అక్కడ జూమ్ తీసేసి నార్మల్ పెట్టాలి, పైనా కిందా నల్లటి పట్టీలు వస్తాయి, రానివ్వండి. బర్త్‌డే వీడియోలు తెర నిండా కనిపించాలని వాళ్లు ఎప్పుడూ జూమ్‌లోనే ఉంచుతారట. ఆ అబ్బాయి దాన్ని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు, తర్వాత వెళ్లినప్పుడు మేం చెప్పకుండానే సరిచేసి పెట్టాడు. ఈ ఒక్కదానికి నేను మార్కులు కలిపాను.

లైట్ల సంగతి మాత్రం దారుణం. సీలింగు చుట్టూ రంగులు మారే ఎల్‌ఈడీ పట్టీ ఉంది, దానికి విడిగా స్విచ్ లేదు. రాత్రి పూట, సరిహద్దు కాపలా గదిలో నలుగురు సైనికులు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు, తెర మీద ఒకసారి గులాబీ రంగు, ఒకసారి ఆకుపచ్చ. చివరికి సోఫా వెనక బోర్డులో ప్లగ్గు పీకేశాం. కుడివైపు సోఫా వెనక, పైది. మీరూ అదే చెయ్యండి.

సినిమా గురించి. దక్షిణ కొరియా సైనికుడొకడు, ఉత్తర కొరియా సైనికులతో రహస్యంగా స్నేహం, తర్వాత కాల్పులు, అసలేం జరిగిందో తేల్చడానికి తటస్థ దేశాల తరఫున వచ్చిన ఒక ఆఫీసరు. అంతకంటే చెప్పను. నిర్మాత వైపు కథే నాకు ఎక్కువ నచ్చింది. దర్శకుడు పార్క్ చాన్ వుక్‌కి అప్పటికి రెండు సినిమాలు, రెండూ ఫ్లాపు. మన దగ్గర రెండు ఫ్లాపులిచ్చినవాడికి ఆఫీసు బయట కుర్చీ కూడా వెయ్యరు. ఒక నవల మీద హక్కులు చేతిలో ఉంచుకుని, దేశంలోకెల్లా సున్నితమైన విషయాన్ని, పెద్ద బడ్జెట్‌ను, అతని చేతిలో పెట్టారు వీళ్లు. రెండు కొరియాల సైనికులూ ఎదురెదురుగా నిలబడే పన్‌మున్‌జోమ్‌లో, అసలు చోట షూటింగు కుదిరే పని కాదు, అందుకని సియోల్ దగ్గర నమ్యాంగ్జూ స్టూడియోలో మొత్తం సెట్టు వేశారు, సినిమా అయిపోయాక జనం ఆ సెట్టు చూడ్డానికి వెళ్లేవారు. 2000 జూన్‌లో రెండు కొరియాల నాయకులు మొదటిసారి కలిశారు, సెప్టెంబరులో సినిమా వచ్చింది. కాలం కలిసొచ్చిందంటారా, కలిసొచ్చింది, కానీ పని మొదలెట్టిన రోజుకి ఆ భేటీ జరుగుతుందని ఎవరికి తెలుసు? దాదాపు 58 లక్షల మంది చూశారు, అప్పటిదాకా 'షిరి' అనే సినిమా పేరు మీదున్న ప్రేక్షకుల రికార్డు పోయింది, మరుసటి ఏడాది బెర్లిన్ చిత్రోత్సవం పోటీలోకీ వెళ్లింది. అంతా పూలదండలే అనుకోకండి, మమ్మల్ని చెడ్డగా చూపించారని అక్కడ పనిచేసిన మాజీ సైనికులు కొందరు కంపెనీ ఆఫీసు మీదకి వచ్చి గొడవ చేశారు.

ఒక సీన్లో చోకో పై తింటారు. మేనకోడలు ముందే చూసి ఉంది కాబట్టి కొట్లో కొన్న చోకో పై ప్యాకెట్టు చున్నీ కింద దాచి తెచ్చింది (బయటి తిండి తేకూడదని గోడ మీద పెద్ద బోర్డు ఉంది), సరిగ్గా ఆ సీను రాగానే అందరికీ పంచింది. సరిగ్గా తుపాకులు పేలే చోట, అంతకుముందు పార్టీవాళ్లు వదిలేసిన బెలూన్ ఒకటి సీలింగు లైటుకి తగిలి పేలింది. అత్తయ్య "అమ్మో" అని లేచి నిలబడింది. ఇది థియేటర్‌వాళ్ల తప్పే, గది ఊడ్చేటప్పుడు పైకి చూడరు. కానీ మా ఇంట్లో అందరికీ ఆ సినిమాలో బాగా గుర్తున్న ఘట్టం ఇదే అయింది, నేనేం చెయ్యను.

బాబాయి మాత్రం వేరే విషయం పట్టుకున్నాడు. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన మనిషి ఆయన, వారానికి రెండుసార్లు రాష్ట్రం దాటుతాడు. తెరమీద సరిహద్దంటే ఒక సిమెంటు గట్టు, దానికి అటు ఇటు నిలబడ్డ సైనికులు, ఒకడి నీడ అవతలికి పడిందని మాటా మాటా. "ఇంతే కదా అడ్డం!" అన్నాడు. ఇంకేం అనలేదు, సినిమా అయ్యేదాకా పాప్‌కార్న్ ముట్టుకోలేదు.

సౌండు గురించి ఒక మాట. బాస్ విపరీతంగా పెంచి ఉంచుతారు, డీజే పాటలకి బాగుంటుంది, మాటలున్న సినిమాకి బాగోదు, గొంతులన్నీ బిందెలోంచి వచ్చినట్టుంటాయి. కింద పెట్టిన పెద్ద నల్ల డబ్బా, అదే సబ్ వూఫర్, దాని వెనక చిన్న గుబ్బ ఉంటుంది, దాన్ని సగానికి తిప్పమనండి. తిప్పారు, వెంటనే తేడా తెలిసింది.

తర్వాత 'వైకికి బ్రదర్స్', 2001. ఇది నా ఎంపిక. బాబాయి కుర్రతనంలో మెలోడీ పార్టీలో కాంగో వాయించేవాడు, ఠాకురాణి యాత్రకీ (ఇక్కడి అమ్మవారి జాతర), పెళ్లిళ్లకీ, రాత్రంతా హిందీ, ఒడియా, తెలుగు పాటలు. అందుకే ఆయనకి చూపించాలనిపించింది. సినిమా అంతా ఒక నైట్‌క్లబ్ బ్యాండు గురించి, పని దొరక్క ఊరూరా తిరిగి, ఒక్కొక్కడే జారిపోతుంటే, మిగిలినవాడు పుట్టిన ఊరికి తిరిగొస్తాడు. దర్శకురాలు యిమ్ సూన్ రే. సబ్‌టైటిల్స్ నేను గబగబా తెలుగులో చెబుతూ వచ్చాను గానీ సగం తర్వాత బాబాయి "నువ్వు ఆగమ్మా, తెలుస్తోంది" అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని తన ట్రూపులో ఎవరెవరు ఏమైపోయారో చెప్పాడు, ఒకతను ఇప్పుడు అస్కా రోడ్డులో ఆటో నడుపుతున్నాడట, ఇంకొకతనికి సెల్‌ఫోన్ల కొట్టు. ఇది రివ్యూలో రాయాల్సిన విషయమో కాదో తెలీదు, రాసేశాను.

ఆ సినిమా అప్పట్లో ఆడలేదు. రౌడీ కామెడీల హవా నడుస్తున్న ఏడాది అది, చిన్న సినిమాల్ని హాళ్లలోంచి తొందరగా ఎత్తేశారు, ప్రేక్షకులే కొందరు చందాలు వేసుకుని, హాళ్లు మాట్లాడుకుని, దాన్నీ అలాంటి ఇంకో మూడింటినీ మళ్లీ ఆడించాలని ఉద్యమంలా చేశారు. ముందు ఏడాది 58 లక్షల మంది చూసిన సినిమా తీసి, వెంటనే ఇలాంటిది తీయడం! మామూలు లెక్క ప్రకారం 'జాయింట్ సెక్యూరిటీ ఏరియా 2' రావాలి. పైగా ఆ దర్శకురాల్ని ఫ్లాపు అని వదిలెయ్యలేదు. ఏడేళ్ల తర్వాత, 2008లో, అదే యిమ్ సూన్ రేతో 'ఫరెవర్ ద మూమెంట్' తీశారు, దాన్ని సుమారు 40 లక్షల మంది చూశారు.

మా ఇంట్లో సూపర్ హిట్ అంటే ఇదే. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కొరియా ఆడవాళ్ల హ్యాండ్‌బాల్ జట్టు ఫైనల్లో డెన్మార్క్‌తో రెండు అదనపు సమయాల దాకా ఆడి, అప్పటికీ తేలక, చివరికి పెనాల్టీల్లో ఓడిపోయింది. వెండి పతకం. ఓడిపోయిన మ్యాచ్ మీద సినిమా, అందులోనూ పిల్లల తల్లులు, భర్త అప్పులపాలైనవాళ్లు, వయసు మీరిందని పక్కన పెట్టినవాళ్లు. అత్తయ్యకి హ్యాండ్‌బాల్ అంటే ఏంటో తెలీదు, ఇంగ్లీషు రాదు, కొరియా ఎక్కడుందో పట్టదు, అయినా ఒకావిడ చంటిపిల్లాణ్ణి కోర్టు పక్కన వదిలి ఆడుతుంటే "వాణ్ణి ఎవరైనా చూడండే" అని తెరతో మాట్లాడింది. భాష రాని పెద్దవాళ్లతో వెళ్తే దీనితోనే మొదలుపెట్టండి.

పిల్లలకైతే 'లీఫీ', 2011, కోడి బొమ్మల సినిమా. ఫారం లోంచి తప్పించుకున్న గుడ్ల కోడి బాతుపిల్లను పెంచుతుంది. 22 లక్షల మంది చూశారు, కొరియా యానిమేషన్‌లో అప్పటికి అంత ఎవరూ చూడలేదు. హాయిగా పంపించొచ్చు అనుకోకండి, చివర్లో పిల్లలు గట్టిగా ఏడుస్తారు, మావాళ్లు పక్క గదిలో పుట్టినరోజు వాళ్లకి వినిపించేలా ఏడ్చారు.

'ఆర్కిటెక్చర్ 101' గురించి మేనకోడలికీ నాకూ ఇంకా తగువు తీరలేదు. 2012లో 41 లక్షల మంది చూశారు, దర్శకుడు ఆ స్క్రిప్టు పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగితే వీళ్లు తీసుకున్నారు, అందులో చెజు దీవిలో కట్టే ఇల్లు తర్వాత కాఫీ షాపు చేస్తే ఇప్పటికీ జనం వెళ్తున్నారు. బాగుంది, కాదనను. కానీ నాకు ఆ అబ్బాయి మీద చిరాకేసింది. ధైర్యం చేసి ఒక్క మాట అడగలేక, ఏదో ఊహించుకుని, తప్పంతా ఆ పిల్లదన్నట్టు పదిహేనేళ్లు మనసులో మోసి, దానికి తొలిప్రేమ అని పేరు. సినిమా అతణ్ణి కొంచెం ఎక్కువ ముద్దు చేసింది. ఆడవాళ్ల కథలు ఇంత బాగా ఎంచుకునే నిర్మాత ఇక్కడ పబ్లిసిటీ బుర్రతో ఆలోచించిందేమో అనిపించింది. మేనకోడలు "అత్తా, నీకు రొమాన్స్ తెలీదు" అంది. ఉండొచ్చు.

ఇక 'కార్ట్'. 2014. దీన్ని ప్రత్యేకంగా పిన్ని కూతురు కోసం వేశాం. తను ఇక్కడే ఒక మాల్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తుంది, ఆదివారాలు సెలవుండదు కాబట్టి మంగళవారం పొద్దున్న స్లాటు తీసుకున్నాం (వారం మధ్యలో పొద్దున అయితే ఖాళీగా ఉంటుంది, మూడు గంటలు దాటినా తలుపు కొట్టరు). సినిమాలో నాయిక ఐదేళ్లు ఒక్క మాట పడకుండా పనిచేసి, ఇదిగో పర్మనెంట్ చేస్తాం అనే సమయానికి, కాంట్రాక్టువాళ్లందర్నీ తీసేస్తున్నట్టు నోటీసు వస్తుంది. డి.ఓ. ఆమె కొడుకు, పార్ట్ టైమ్ పని చేస్తే జీతం ఎగ్గొడతారు. 2007లో ఒక పెద్ద సూపర్ మార్కెట్ గొలుసులో నిజంగా జరిగిన సమ్మె దీనికి ఆధారం, తీయడానికి మామూలు జనం కూడా తలా కొంత డబ్బు వేశారు.

మా చెల్లి సినిమా అంతా ఏడవలేదు, నేను ఏడుస్తుందనుకున్నాను. తను చూసింది వేరే. "అక్కా, చూడు, వాళ్ల కౌంటర్లోనూ కుర్చీ లేదు" అంది. తర్వాత తన చెప్పు విప్పి మడమ చూపించింది, రోజంతా నిలబడి గట్టిపడిపోయి పగిలిన చర్మం. కస్టమర్ లేనప్పుడు కూడా కూర్చోకూడదట, కెమెరాలో కనిపిస్తే సూపర్‌వైజర్ ఫోన్ చేస్తాడట. యూనియన్ అనే మాట అక్కడ ఎవరూ ఎత్తరు. సినిమాలో ఆ ఆడవాళ్లు మొదటిసారి భయపడుతూ భయపడుతూ చెయ్యెత్తే చోట రిమోటు తీసుకుని వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. మేనకోడలు డి.ఓ. గురించి ఒక్క మాట మాట్లాడలేదు ఆ రోజు.

ఇది ఆవిడకి ఒక్కసారి తట్టిన ఆలోచన కాదు. 1970లో సియోల్ బట్టల మార్కెట్లో కుట్టుపని పిల్లల కోసం పోరాడి నిప్పంటించుకుని చనిపోయిన 22 ఏళ్ల దర్జీ చొన్ తే ఇల్ మీద 2021లో యానిమేషన్ సినిమా తీసింది వీళ్లే. అంతకుముందు 2005లో, ఒకప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ హత్య మీద 'ద ప్రెసిడెంట్స్ లాస్ట్ బ్యాంగ్' తీస్తే ఆయన కొడుకు కోర్టుకెళ్లాడు, సినిమా మొదట్లో, చివర్లో ఉన్న నిజమైన డాక్యుమెంటరీ దృశ్యాలు తీసెయ్యమని కోర్టు చెప్పింది. వీళ్లు ఆ భాగాన్ని కత్తిరించి అతికించకుండా, అక్కడ తెరను నల్లగా వదిలేసి విడుదల చేశారు. చూసినవాడికి ఇక్కడ ఏదో ఉండాలి, లేదు, అని తెలియాలి కదా. పబ్లిసిటీ పని నేర్చినవాళ్లకే తడుతుంది ఇలాంటిది. ఇది మేం థియేటర్లో వెయ్యలేదు, ఇంట్లో చూశాం, పిల్లలతో చూసే సినిమా కాదు. అలాగే దర్శకుడు కిమ్ కీ డుక్ 'ద ఐల్' కూడా వీళ్లదే, దయచేసి అత్తయ్యలతో వెళ్లి అది మాత్రం పెట్టకండి, చేపల గాలాలు చూస్తే ఆవిడ మళ్లీ మీతో ఎక్కడికీ రాదు.

ఇంకొక్క సంగతి చెప్పి ఆవిణ్ణి వదిలేస్తాను. దర్శకుడు కిమ్ జీ వూన్ మొదటి సినిమా 'ద క్వైట్ ఫ్యామిలీ' 1998లో వీళ్లే తీశారు. నటి జియోన్ డో యోన్ తొలి సినిమా 'ద కాంటాక్ట్' 1997లో వీళ్లదే, ఆవిడ పదేళ్ల తర్వాత వేరే సినిమాకి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అయింది. కొత్తవాళ్లకి మొదటి తలుపు తీయడం ఈ కంపెనీకి అలవాటు, 2015లో సరిహద్దు దగ్గరి పాజూ పుస్తక నగరంలో ఫీజు లేని సినిమా బడే పెట్టేశారు. నెలకు వేలకు వేలు ఫీజు కట్టించుకుని చేతిలో కెమెరా కూడా పెట్టని ఫిల్మ్ స్కూళ్లకి పిల్లల్ని పంపినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు, వాళ్లకి ఈ మాట చెప్పలేదు, బాధపడతారని.

సరే, థియేటర్ లెక్క. తెర, ప్రొజెక్టరు బాగున్నాయి, సందేహం లేదు. సీట్లు బాగున్నాయి. సౌండు మీరు సరిచేయించుకుంటే బాగుంటుంది. లైట్లు ప్లగ్గు పీకితే బాగుంటాయి. తిండి మాత్రం వద్దు, మైక్రోవేవ్ పాప్‌కార్న్ వందకి పైన, కూల్ డ్రింకు బయటి రేటు మీద రెట్టింపు, టీ లేదు. దిగి వచ్చి ఎదురు సందు మొగలో వేడి వేడి బరా (వడలు), ఘుగుని (బఠాణీల కూర) తినండి, ముప్ఫై రూపాయల్లో కడుపు నిండుతుంది. బాత్రూం ఒక్కటే, మూడు గదులకీ కలిపి, కానీ శుభ్రంగా ఉంచుతున్నారు. ఆదివారం సాయంత్రం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకోకండి, పక్క గదిలో కేక్ కటింగ్ అయితే గోడ ఉన్నట్టే ఉండదు, పైగా స్లాటు అయిపోగానే తలుపు మీద టకటకా కొడతారు. 'వైకికి బ్రదర్స్' ఆఖరి పాట సగంలో కొట్టారు, బాబాయి లేవలేదు, ఆ అబ్బాయి కూడా కాసేపు నిలబడి చూసి వెళ్లాడు.

అడ్వాన్సు సగం ముందే ఫోన్‌పేలో తీసుకుంటారు. ఒకసారి జ్వరాలొచ్చి రాలేకపోతే డబ్బు వెనక్కి ఇవ్వలేదు గానీ తేదీ మార్చారు, ఆ మాత్రం చాలు. బుక్ చేసేటప్పుడే "డెకరేషన్ వద్దు, పొగ వద్దు, జూమ్ తీసెయ్యండి" అని వాట్సాప్‌లో రాసి పెట్టండి. ఐదుకి మూడున్నర ఇస్తాను. ఎల్‌ఈడీ పట్టీకి ఒక స్విచ్ బిగిస్తే నాలుగు.

బాబాయి ఇప్పుడు తన పాత మెలోడీ ట్రూపువాళ్లందర్నీ పోగేసి 'వైకికి బ్రదర్స్' మళ్లీ వేయించమంటున్నాడు. ఆరుగురు దాటితే మనిషికి 200 అంటున్నారు కదా, గుంపుగా వస్తే ఏమైనా తగ్గించి తీసుకున్నవాళ్లు మీలో ఉంటే కింద రాయండి.